నిష్పాక్షికమైన ముక్కు

నాకు వాసన తెలియకపోవడం ఎప్పటికైనా ప్రభుత్వానికి పనికొస్తుందని నేను అనుకోలేదు. ఇంట్లో దానివల్ల ఎవరికీ ఉపయోగం కలగలేదు. పాలు మాడుతుంటే పక్కవాటా అన్నపూర్ణమ్మగారు గోడమీదుగా కేకేసి చెప్పేవారు. ఆవిడ ఊళ్లో లేని రోజుల్లో పాలు మాడేవి.

నేను ఎయిడెడ్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నా భార్య కాత్యాయని పోయిన రెండేళ్లకి నాకొక విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ పోతూ పోతూ ముక్కుని తీసుకుపోయింది. నాలుకకి ఉప్పూ పులుపూ తెలిసేవి. వంకాయకీ బీరకాయకీ తేడా కళ్లతో చూసి తెలుసుకోవాల్సి వచ్చేది. దాన్ని నేను పెద్ద నష్టంగా అనుకోలేదు. నిజం చెప్పాలంటే, అంతకుముందు రెండేళ్లుగా తెరవలేకపోయిన ఆమె చీరల బీరువాని ఆ తరవాతే తెరవగలిగాను. లోపల బట్టలు మాత్రమే ఉన్నాయి.

అలా ఉండగా ఒకరోజు పేపర్లో ప్రకటన చూశాను. రాష్ట్ర పానీయ ప్రమాణాల మండలి వారి రుచి నిర్ణయ సంఘంలో సభ్యత్వానికి "ఘ్రాణశక్తి లేని, సత్ప్రవర్తన గల విశ్రాంత పౌరుల నుండి" దరఖాస్తులు కోరారు. అచ్చుతప్పేమో అనుకున్నాను. మర్నాడు సవరణ వేశారు. "సత్ప్రవర్తన గల" అన్న మాట తొలగించామని, మిగతాదంతా యథాతథమని అందులో ఉంది.

నేను దరఖాస్తు పెట్టాను. ఆ వేసవిలో నాకు వేరే పనేమీ లేదు.

మండలి కార్యదర్శి పరాంకుశరావుగారు మా ఇంటర్వ్యూలు స్వయంగా చేశారు. ఆయన కుర్చీకి తువ్వాలు, బల్లకి గాజుపలక, మాటకి సంస్కృతం ఉన్నాయి.

"బోర్బన్ గూర్చి తమరికి గల పరిజ్ఞానం?" అని అడిగారు.

"బిస్కెట్టు కదండీ" అన్నాను.

ఆయన ముఖం వికసించింది. పక్కన ఉన్న గుమాస్తాతో, "విషయ పరిజ్ఞానం, శూన్యం. పూర్తి మార్కులు వేయండి" అన్నారు.

తరవాత నాకు ఓపిగ్గా చెప్పారు. మండలి పెద్ద ఒకాయన విదేశాలు తిరిగి వచ్చి, అక్కడివాళ్లు మొక్కజొన్నతో ఒక విస్కీ చేసి, లోపల కాల్చిన ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచి, ఒక్కో పీపాని ఒక్కో కావ్యంలా విడిగా అమ్ముకుంటున్నారని గ్రహించారట. మన జిల్లాలో మొక్కజొన్న లేదా? ఉంది. ఎండ లేదా? బోలెడంత. అందుకని ఎర్రకాలువ గట్టున ఉన్న ప్రభుత్వ డిస్టిలరీలో ఏడేళ్ల కిందట మూడు పీపాలు నింపి తాళం వేశారు. నింపింది అక్కడి కెమిస్టు సునంద.

"ఇప్పుడు ఒంటి పీపా పరిమిత విడుదల చేయదలిచాం" అన్నారు పరాంకుశరావుగారు.

"మూడన్నారు కదండీ."

"ఒకటి మొదటి సంఘం అధ్యయనంలో వినియోగమైంది. సభ్యులందరూ అనుభవజ్ఞులు. మొత్తం పీపా పూర్తయ్యాక కూడా లోతైన అధ్యయనం అవసరమని సిఫారసు చేశారు. పైగా ఎవరింట్లో తాగే సరుకుతో వారు పోల్చి మార్కులు వేశారని ఆకాశరామన్న ఫిర్యాదు వచ్చింది. కనుక రెండో సంఘాన్ని మద్యం ముట్టనివారితో వేశాం. వారు రెండో పీపాని సాంతం ఉమ్మేశారు. అది కూడా పక్షపాతమే కదా? ఇష్టం ఉన్నవాడు పనికిరాడు, అయిష్టం ఉన్నవాడు పనికిరాడు. లోపం ఎక్కడుందని మూలంలోకి వెళ్లి పరిశీలించాం. ముక్కులో ఉంది."

"ముక్కులోనా?"

"వాసన తెలిసిన ప్రతివాడికీ ఏదో ఒక అభిప్రాయం ఏర్పడుతోంది. నిష్పాక్షికతకు ప్రథమ శత్రువు అనుభవం. న్యాయ విభాగం కూడా ఏకీభవించింది."

"మరి ఆ కెమిస్టమ్మాయి..."

పరాంకుశరావుగారు కళ్లజోడు తీశారు. "ఆవిడకి ఆ సరుకు గురించి తెలుసు. అంతకన్నా అనర్హత మరేం కావాలి? పీపాకి వంద గజాల లోపలికి రాకూడదని ఉత్తర్వు ఇచ్చాం. ఈ మూడో సంఘం యోగ్యమంటే సరుకు సీసాల్లోకి వెళ్తుంది, ఆ విభాగం నిలుస్తుంది. లేదంటే పంచనామా చేసి పీపాని కాలువలో వదిలేస్తాం. విభాగం మూసేసి ఆవిణ్ని విత్తనాల గిడ్డంగికి మారుస్తాం. సమావేశం మధ్యలో ఆగిపోయినా అంతే. ఒక్క సభ్యుడి ముక్కు పనిచేసినట్టు తేలినా అంతే."

నాకు వచ్చిన మార్కులు వందకి వంద. నేను చదువుకున్న రోజుల్లో కూడా ఇలా రాలేదు.

*

వైద్య పరీక్ష జిల్లా ఆసుపత్రిలో. ముక్కు డాక్టరు జయప్రదగారు ముందుగానే చేతులెత్తేశారు. "రోగం ఉందని రాయమంటే రాస్తాను. మంచి రోగమని రాయమంటే నాకు చేతకాదు" అన్నారు. అయినా మండలివారు పంపిన పళ్లెం ఆవిడ ముందుంది. అందులో ఇంగువ, కిరోసిన్, ముగ్గిన పనసతొన, చివర్లో ఎండురొయ్యలు. ఒక్కొక్కటీ అభ్యర్థి ముక్కు కింద పెట్టడం, ముఖంలో ఏ కండరమైనా కదిలిందేమో చూడటం. ఆ చూడటానికి మండలి వామనమూర్తి అనే ముఖ పరిశీలకుణ్ని నియమించింది. ఆయన కెమెరా పట్టుకుని మన ముఖాల్లోకి పాడుబావిలోకి చూసినట్టు చూసేవాడు.

చాలామంది ఇంగువ దగ్గరే పోయారు. నా ముందున్న పెద్దమనిషి పనసతొనని కూడా గట్టెక్కించి, ఎండురొయ్యల దగ్గర "వంకాయలో వేస్తే" అని మొదలుపెట్టి, వాక్యం పూర్తిచేయకుండానే అనర్హుడయ్యాడు.

చివరికి ముగ్గురం మిగిలాం. అగ్నిమాపక శాఖలో పొగ మింగి మింగి ముక్కు పోగొట్టుకున్న దూలం చిట్టిబాబు ఒకరు. నేను రెండు. మూడో ఆయన తణుకులో నెయ్యి కొట్టు నడిపి కొడుక్కి అప్పజెప్పిన మద్ది కోటిలింగంగారు. తెల్లపంచె, భుజాన తువ్వాలు. ఉల్లిపాయ కూడా తినని మనిషి. ఆయన ముక్కు కింద ఎండురొయ్యలు పెట్టి డాక్టరుగారే మొహం తిప్పుకున్నారు. కోటిలింగంగారు మాత్రం గోడమీది క్యాలెండరు చదువుతూ కూర్చున్నారు.

"యాభై ఏళ్లు నెయ్యి వాసన చూశానండి. ముక్కు అరిగిపోయింది" అన్నారు. వామనమూర్తి భక్తిగా సంతకం పెట్టాడు. మూడేళ్లు చెల్లే ధ్రువపత్రాలు మా ముగ్గురికీ ఇచ్చారు.

బయట చెట్టు నీడలో నా చెప్పులు ఎవరో ఎండలోంచి జరిపి పెట్టారు. ఎవరో తెలియలేదు. అలాంటివి జరిగిన రోజున నాకు మధ్యాహ్నం నిద్ర బాగా పడుతుంది.

*

ఆ తరవాత శిక్షణ. పరాంకుశరావుగారు బల్లమీద పలుచని పుస్తకాలు పంచారు. విదేశీయులు బోర్బన్‌ని వర్ణించే మాటలన్నిటికీ మండలి భాషా విభాగం తెలుగు చేసింది. ఆదిరుచి, మధ్యరుచి, అంత్యరుచి. దగ్ధశర్కర. జీర్ణచర్మం.

"జీర్ణచర్మం అంటే ఏంటండి?" అని అడిగాడు చిట్టిబాబు.

"పాత తోలు. మంచి బోర్బన్‌లో ఆ ఛాయ ఉంటుందట."

"చెప్పు రుచన్నమాట. అది మా ఇంట్లో దొరుకుద్దండి."

"ఇవన్నీ మీరు కంఠస్థం చేయాలి" అన్నారు పరాంకుశరావుగారు, వినిపించుకోకుండా.

"చేసి, ఎక్కడ వాడాలండీ?" అన్నాను.

"ఎక్కడా వాడకూడదు. ఇందులో ఏ ఒక్క మాట మీ నోట వచ్చినా అభిప్రాయం కిందకి వస్తుంది. ఏ మాటలు రాకూడదో తెలియాలంటే ముందు వాటిని నేర్చుకోవాలి కదా?"

మూడు రోజులు నేర్చుకున్నాం. నాలుగోరోజు మర్చిపోయామా లేదా అని పరీక్ష పెట్టారు. చిట్టిబాబు మొదటి మార్కు తెచ్చుకున్నాడు. నాకు జీర్ణచర్మం గుర్తుండిపోయిందని మందలించారు.

మేము రాయాల్సిన కాగితంలో ఒకటే గడి ఉంది. అభిప్రాయం: ఉన్నది, లేదు. ముగ్గురూ "లేదు" అంటే, అభిప్రాయం లేదు కనుక అభ్యంతరం లేదు, అభ్యంతరం లేదు కనుక యోగ్యం. ఇందులో తప్పు పట్టడానికి నేను చాలాసేపు ప్రయత్నించాను. తప్పు అంతటా ఉండటంవల్ల ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

*

డిస్టిలరీకి మండలివారి బస్సులో వెళ్లాం. పరాంకుశరావుగారు, వామనమూర్తి ముందు సీట్లో. కోటిలింగంగారు నా పక్కన. దారంతా మొక్కజొన్న చేలు. కోతలైపోయిన చోట కంకులు రోడ్డుమీద ఆరబోశారు. బస్సు ఒక పక్క చక్రాలతో వాటిమీంచి మెల్లిగా పోతోంది.

"మీరెందుకు వచ్చారండీ ఇందులోకి?" అని అడిగాను.

"కొట్టు కొడుకు చూసుకుంటన్నాడు. ఏదన్నా చెప్పబోతే, నాన్నగారూ, ఇప్పుడు మిషన్లొచ్చినియ్యి అంటాడు. మనల్ని ఎవరన్నా ఏదన్నా అడిగి ఎన్నాళ్లయ్యింది మాస్టారూ? ఇక్కడ అడుగుతామన్నారు. వచ్చాను."

నెయ్యి మంచిదో కాదో ఎలా చూసేవారని అడిగాను.

"ఇదిగో, ఇక్కడ." కుడిచేతి వెనకవైపు చూపించారు. "ఒక్క చుక్క ఏసుకుని, రుద్ది, వాసన చూత్తాం. అది ఎవడైనా చేత్తాడు. అసలు పని మొహానిది. సరుకు బాగుందని మొహంలో తెలిసిందా, అమ్మేవాడు ధర పెంచేత్తాడు. అందుకని మా నాన్న నాకు ముందు నేర్పింది మొహం. కాచిన నెయ్యి కమ్మగా గుప్పుమంటే, ఇంట్లో ఎవరో పోయినట్టు కూచోవాలి."

"పాపం, అమ్మేవాళ్లకి ఎలా తెలిసేది?"

"మగాళ్లకి తెలిసేది కాదండి. మొహం చూసి మోసపోయేవోరు. ఆడాళ్లు మొహం చూసేవోరు కాదు. చెయ్యి చూసేవోరు." కోటిలింగంగారు భుజంమీది తువ్వాలు తాకారు. "ఎలపరం నెయ్యి అయితే ఎంటనే దీనికి తుడిచేత్తాం. మంచిదయితే తుడవబుద్ధి కాదు కదండి. ఎంత మొనగాడైనా మొహం దాచుకుంటాడు గానీ, చెయ్యి తుడుచుకోడం మర్చిపోతాడు. మా నాన్న కూడా పట్టుబడ్డాడు." కిటికీలోంచి బయటికి చూశారు. "ఇప్పుడెందుకులెండి. ముక్కే పోయాక."

డిస్టిలరీ గేటు దగ్గర ముళ్లకంచె ఉంది. కంచె అవతల, సరిగ్గా వంద గజాల దగ్గర సున్నంతో గీసిన గీత వెనక, గొడుగు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. సునంద ఆవిడే అని అక్కడున్న కానిస్టేబులు చెప్పాడు. పొద్దుటినుంచీ అక్కడే ఉందట. గీత దాటలేదట.

మమ్మల్ని చూసి ఆవిడ ముఖం ఒక్కసారి విప్పారింది. "కోటిలింగంగారు కాదండీ? మా అమ్మ మీ కొట్టుకే నెయ్యి కాచి తెచ్చేదండి. నేను కూడా వచ్చేదాన్ని, చిన్నప్పుడు."

పరాంకుశరావుగారు గతుక్కుమన్నారు. "సభ్యుడితో పూర్వపరిచయమా?"

కోటిలింగంగారు ఆవిణ్ని కిందనుంచి పైదాకా చూశారు. "ఎవరోనండి. నెయ్యి తెచ్చేవోళ్లు బోలెడు మంది. నాకు గిన్నెలే గుర్తు."

సునంద గొడుగు కర్ర రెండో చేతిలోకి మార్చుకుంది. "పర్లేదండి" అంది. ఆ తరవాత నావైపు చూసి, మెల్లిగా, "ఏడేళ్లయిందండీ. తాళం వేసిన దగ్గర్నుంచీ నన్ను చూడనివ్వలేదు. మొదటి రెండు పీపాలప్పుడూ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఉంచుతారో కాలవలో పోస్తారో మీ చేతుల్లో ఉంది. అదెలాగూ మీరు చెప్పకూడదు. అసలు ఎలా ఉందో ఒక్కమాట ఎవరైనా..." అంటోంది.

"అమ్మా," అన్నారు పరాంకుశరావుగారు, "ఎలా ఉందో తెలియని వారినే ఎంతో శ్రమపడి తీసుకొచ్చాం. వారిని ఇబ్బంది పెట్టకండి."

*

పీపా ఒక కొట్టుగదిలో ఉంది. లక్క ముద్ర ఊడదీసి, బిరడా తీశారు. పొడవాటి గాజు గొట్టంతో తోడి, మూడు గ్లాసుల్లో పోశారు. రంగు ముదురు తేనెలా ఉంది. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. నేను మధ్యలో. వామనమూర్తి ఎదురుగా కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఇత్తడి పళ్లెం. నాలుకకి తగిలించి అందులో వదిలేయాలి.

"ఘ్రాణ దశ ప్రారంభం" అన్నారు పరాంకుశరావుగారు.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రెండేళ్లుగా ఏ గిన్నె దగ్గర పెట్టినా ఉన్నట్టే ఉంది. ఏమీ లేదు. మంచిదే, అనుకున్నాను. ఆ అమ్మాయి పీపా నిలుస్తుంది, నేను భోజనం వేళకి ఇంటికి చేరతాను.

అప్పుడు ముక్కులో ఎక్కడో, తలుపు కింద సందులోంచి వచ్చినట్టు, సన్నగా బెల్లం వాసన వచ్చింది.

ముందు నమ్మలేదు. బెల్లం కాదు, పాకం. ఇనప మూకుడులో అరిసెలకి పెట్టిన పాకం, ముదిరి, అడుగున కాస్త మాడటం మొదలైన పాకం. కాత్యాయనికి ఏడాది పొడుగునా జలుబు. పాకం ఎప్పుడు దించాలో వాసనతో తెలిసేది కాదు. వంటింట్లోంచి కేకేసేది: "ఏవండీ, ఓసారి ముక్కు తీసుకురండి." పేపరు పట్టుకునే వెళ్లేవాణ్ని. "దించు" అనేవాణ్ని. "అప్పుడేనా?" అనేది. ప్రతిసారీ అలాగే అనేది. ఆ ఒక్క క్షణంలోనే అడుగు మాడేది. మా ఇంట్లో అరిసెలకి ముప్పై ఏళ్లపాటు ఆ మాడు వాసన ఉంది. అదే ఇది. పాకం వెనక కాలిన చెక్క, దాని వెనక నిప్పులమీద కాల్చిన కంకి. ఏడేళ్లు చీకట్లో కూర్చుని ఈ పీపా మా వంటింటిని నేర్చుకున్నట్టుంది.

నేను కనుబొమ కదల్చలేదు. పెదవి కదల్చలేదు. ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నాను. అది నాకు పెద్ద కష్టం కాలేదు.

"ఆగండి" అన్నాడు వామనమూర్తి. "రెండో సభ్యుడి కుడికంట నీరు."

పరాంకుశరావుగారు దగ్గరికి వచ్చి నా చెంప పరిశీలించారు.

"కనుబొమ?"

"కదల్లేదండి."

"నాసాపుటాలు?"

"స్థిరం."

"నియమావళిలో ముక్కు, నాలుక, పెదవి, కనుబొమ ఉన్నాయి. కన్నీరు లేదు" అన్నారు ఆయన ఆందోళనగా. "కన్నీరు అనుకూల అభిప్రాయమా, ప్రతికూల అభిప్రాయమా? ఏదైనా సరే అభిప్రాయమే కదా. సమావేశం నిలిపివేయాల్సి వస్తుందేమో."

నిలిపివేస్తే కాలువ.

"మొక్కజొన్న సారా కదండి. ఆ ఘాటుకి రాయికైనా కళ్లెంబడి నీళ్లొత్తాయి" అని చిట్టిబాబు నన్ను ఆదుకోబోయాడు.

పరాంకుశరావుగారు గిరుక్కున అటు తిరిగారు. "ఘాటు ఉందని మీకెలా తెలిసింది?"

"ఉంటుందనుకున్నానండి."

"అనుకోవడం అభిప్రాయమే."

"అయితే అనుకోలేదండి."

"రాసుకోండి. మొదటి సభ్యుడు ఏమీ అనుకోలేదు." మళ్లీ నావైపు. "మీ సంగతేమిటి?"

నేను నోరు తెరిచేలోగా కోటిలింగంగారు, గ్లాసు ముక్కు దగ్గర అలాగే ఉంచుకుని, కిటికీ చువ్వలు లెక్కపెడుతున్నంత చల్లగా అన్నారు: "ఆయన భార్య పోయిందండి. ఇలాంటోళ్లకి ఉన్నట్టుండి కళ్లు తడి అవుతుంటాయి. మందుతో పనిలేదు. బస్సులో కూడా చూశాను."

బస్సులో నా కళ్లు తడవలేదు. భార్య సంగతి కూడా నేను ఆయనతో అనలేదు. అయినా మిగతాదంతా నిజమే.

పరాంకుశరావుగారి ముఖంలో శాంతి వచ్చింది. "అంటే పూర్వస్థితి. చాలా బాగుంది. రాసుకోండి వామనమూర్తిగారూ. సదరు కన్నీరు పానీయమునకు పూర్వమే ఉన్నది. పానీయముతో దానికి సంబంధము లేదు." తరవాత నా భుజంమీద చెయ్యి వేసి, కార్యదర్శి గొంతుతో కాకుండా, "మా అక్కయ్య పోయినప్పుడు మా బావ కూడా అంతే" అన్నారు. ఆ ఒక్కమాటే, మళ్లీ గొంతు సవరించుకున్నారు. "రుచి దశ ప్రారంభం."

నాలుకకి తగిలించి పళ్లెంలో వదిలాం. చిట్టిబాబు, "నీళ్లలా..." అని నాలుక కరుచుకుని, "లేదు" అని రాశాడు. కోటిలింగంగారి చెయ్యి వయసువల్ల కాబోలు కొద్దిగా వణికింది. గ్లాసులోంచి ఒక చుక్క తొణికి చేతి వెనక పడింది. ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు. "లేదు" అని రాసి కలం కింద పెట్టారు.

నా వంతు వచ్చింది. ఉన్నది, లేదు. నలభై ఏళ్లు పిల్లల చేత చూసింది చూసినట్టు రాయించినవాణ్ని. ఆకు అంచు రంపంలా ఉంటే రంపంలా ఉందని రాయాలి. కానీ ఇక్కడ చూసింది రాస్తే పీపా కాలువలోకి పోతుంది. కాగితంమీద "లేదు" అని రాశాను. గ్లాసు పక్కకి పెడుతూ, ఎవరూ చూడకుండా, ఒక చుక్క నా చేతి వెనక కూడా వేసుకున్నాను. నిజం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

"ఏకగ్రీవంగా ఏ అభిప్రాయమూ లేదు. యోగ్యం" అని ప్రకటించారు పరాంకుశరావుగారు. చప్పట్లు కొట్టడం అభిప్రాయమవుతుందని ఎవరూ కొట్టలేదు.

*

బయట ఎండ మండుతోంది. సునంద సున్నం గీత వెనక అలాగే నిలబడి ఉంది. యోగ్యమని కానిస్టేబులు అప్పటికే చెప్పి ఉండాలి. కానీ ఆవిడ ముఖంలో ఊరట లేదు. ఎలా ఉందో తెలియని ముగ్గురు యోగ్యమన్నారు. దాంతో ఆవిడకి ఏం తెలుస్తుంది?

వామనమూర్తి కెమెరా ఆపలేదు. కంచె పక్కన నడుస్తున్నంతసేపూ మా ముఖాలు తీస్తూనే ఉన్నాడు. "గేటు దాటేదాకా సభ్యులు సభ్యులే" అన్నారు పరాంకుశరావుగారు.

కోటిలింగంగారు ముందు నడుస్తున్నారు. ముఖం బీడు నేలలా ఉంది. చెమట కారి కళ్లలోకి పోతోంది. తువ్వాలు ఎడమచేత్తో తీసి మొహం తుడుచుకున్నారు, మెడ తుడుచుకున్నారు, మళ్లీ భుజాన వేసుకున్నారు. కుడిచెయ్యి మాత్రం పంచెకి తగలకుండా కాస్త ఎడంగా, వెనకవైపు పైకి ఉండేలా పట్టుకున్నారు. దాన్ని తుడవలేదు.

సునంద ఆయన ముఖం చూడలేదని నేను అప్పుడు గమనించాను. ఆవిడ చూపు మొదటినుంచీ ఆ చేతిమీదే ఉంది. ఆయన కంచె మొదట్లో ఉన్నప్పుడు చూసింది. మధ్యలో ఉన్నప్పుడు చూసింది. గేటు దాటేదాకా చూసింది. ఆ ముక్కు ఏనాడూ అరిగిపోలేదని నాకు అర్థమైంది. ఆవిడకి నాకన్నా ముందే అర్థమైంది.

తరవాత ఆవిడ చూపు నా చేతిమీదికి వచ్చింది. నేను దాన్ని అలాగే ఉంచి నడిచాను.

సునంద గొడుగుని కొద్దిగా ముందుకి వంచి ముఖానికి అడ్డం పెట్టుకుంది. గొడుగు అంచు కింద భుజాలు కదలడం మాత్రం కనిపించింది. గొడుగుని కెమెరాలో తీయడం వామనమూర్తి పరిధిలోకి రాదు.

బస్సులో కోటిలింగంగారు కళ్లు మూసుకున్నారు. "ఆ అమ్మాయిది పని తెలిసిన చెయ్యండి" అన్నారు చాలాసేపటికి. "వాళ్లమ్మ కూడా అంతే. మాడ్చీ మాడ్చకుండా దించేది."

*

ఒంటి పీపా సీసాలు వారంలో అమ్ముడైపోయాయి. వాటిమీద "ఎవరికీ ఏ అభిప్రాయమూ లేనిదిగా నిర్ధారించబడినది" అని బంగారు అక్షరాల్లో వేశారు. జనం వరసలో నిలబడి కొన్నారు. డిస్టిలరీ విభాగం నిలిచింది. సునంద మళ్లీ పీపాలు నింపుతోందని విన్నాను. మండలి విధానాన్ని మిగతా శాఖలు కూడా మెచ్చుకున్నాయి. పాఠ్యపుస్తకాల సంఘం వారు ఏనాడూ పుస్తకం చదవని సభ్యుల కోసం వెతుకుతున్నారట. దొరకడం కష్టం కాలేదట.

అంతా సద్దుమణిగి, ఆ సరుకుకి ఇక ఏ ప్రమాదమూ లేదని తెలిశాక, నాకు వాసన తెలుస్తోందని, కనుక సభ్యత్వం వదులుకుంటున్నానని మండలికి రాశాను. పరాంకుశరావుగారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "తమకు ఘ్రాణశక్తి లేదని ధ్రువీకరించే అధికారం మాత్రమే మాకు కలదు. ఉన్నదని ధ్రువీకరించే అధికారం లేదు. ధ్రువపత్రం గడువు ముగిసే వరకు తమకు వాసన తెలియదు. తమకు ఏదైనా వాసన వచ్చినచో దానిని పరిగణించవలదని కోరడమైనది."

ఆయనమీద నాకు కోపం రాలేదు. చివర్లో, పెన్నుతో, "ఆరోగ్యం జాగ్రత్త" అని విడిగా రాశారు.

ప్రస్తుతం నాకు అధికారికంగా వాసన తెలియదు. పొద్దున్నే అన్నపూర్ణమ్మగారి కేకకి ముందే లేచి పాలు దించుతున్నాను. ఆవిడ అనుమానంగా చూస్తున్నారు. బీరువా మాత్రం మూసేశాను. దానికి ఇంకా ధైర్యం చాలలేదు.

నిన్న బజారునుంచి అచ్చు బెల్లం తెచ్చి, ఇనప మూకుడు తోమి, పాకం పెట్టాను. అరిసెలు చేయడం నాకు రాదు. పాకం వరకే. దించాల్సిన సమయం ముక్కుకి తెలిసింది. "అప్పుడేనా?" అన్నంతసేపు ఆగి, అడుగు కాస్త పట్టాక దించాను. చల్లారనిచ్చి, ఒక చుక్క చేతి వెనక వేసుకుని, రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

గోడమీదుగా అన్నపూర్ణమ్మగారు చూస్తున్నారు. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. చెయ్యి మాత్రం తుడుచుకోలేదు.